పిల్లల గదిలో అరిగిన కార్పెట్: కొత్తది కొనేముందు పాతదాని మూల ఎత్తి చూడండి

మీరు రాసినది రెండుసార్లు చదివాను. కొర్లగుంట వైపు కొన్న పాత ఇల్లు. మొదటి అంతస్తులో పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు ఉన్న గది. మీకంటే ముందున్నవాళ్లు నేలకు అతికించి వదిలిపోయిన బూడిదరంగు కార్పెట్. గుమ్మం దగ్గర, రాతబల్ల ముందు నారలు లేచి బోసిగా అయిపోయింది. వాన పడితే ముక్కిన వాసన. పాపకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు, వాడు పొద్దున లేవగానే తుమ్ముతున్నాడు. చేతిలో ఉన్నది 8,000 రూపాయలు. గోడ నుంచి గోడ దాకా కొత్తది వేయడానికి దుకాణంవాళ్లు దాదాపు రెండింతలు అడిగారు. సంక్రాంతి సెలవుల్లో పని ముగియాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. గోడ నుంచి గోడ దాకా ఏదీ వేయకండి. కార్పెట్టే కాదు, ఏదీ. పాతది పీకించి, కింద ఉన్న నేలను బాగు చేసుకుని, పిల్లలు నిజంగా కూర్చునే చోట మాత్రమే మెత్తగా ఏదైనా పరచండి. మీ 8,000లో కొంత మిగులుతుంది కూడా. అయితే ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో కార్పెట్ కింద ఉన్న నేల చెప్పాలి, దుకాణంవాళ్లు కాదు.

ఇరవై రెండేళ్లుగా తిరుపతిలో నేల పనులే నా బతుకు. లాడ్జీల ఏసీ గదుల్లో కార్పెట్లు వేసింది నేనే, ఐదారేళ్లకు వాటిని పీకింది కూడా నేనే. వేసినందుకు ఒకసారి, పీకినందుకు ఒకసారి డబ్బు తీసుకున్నాను కాబట్టి కార్పెట్ మీద నాకు కోపమేమీ లేదు. పీకినప్పుడు కింద చూసినదాన్ని బట్టే ఈ సలహా.

ఒక లాడ్జీ గదిలో గుమ్మం దగ్గరి కార్పెట్ ముక్క తిరగేసి దులిపితే సన్నరవ్వ లాంటి ఇసుక రాలింది. ఆ ఒక్క గదిలోనే సగం బక్కెట్టుకు పైగా ఊడ్చాం. ఆ గదిని రోజూ వాక్యూమ్ మిషనుతో శుభ్రం చేసేవాళ్లు మరి. పైపై దుమ్ము మిషనుకు వస్తుంది, బరువైన గింజ మాత్రం నారల మొదట్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. మన ఊరి ఇసుక రాతి పొడి. ఒక్కో గింజకు అంచులుంటాయి. పైన అడుగు పడిన ప్రతిసారీ ఆ అంచు నారను ఆకురాయిలా కోస్తుంది. మీ కార్పెట్ గుమ్మం దగ్గర, బల్ల ముందు మాత్రమే అరగడానికి కారణం అదే. ఎంత ఖరీదైనది వేసినా ఆ రెండు చోట్లే మళ్లీ ముందు పోతుంది. అందుకే ఏది వేసినా వేయకపోయినా, గది గుమ్మానికి బయట ఒక మందమైన కొబ్బరిపీచు పట్టా వేయండి. మీ పని మొత్తంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మేలు చేసే వస్తువు అది.

ఇక వాసన సంగతి. దీన్ని తేల్చకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయకండి. మీది మొదటి అంతస్తు, కాబట్టి భూమిలోంచి చెమ్మ ఎక్కే అవకాశం లేదు. నీళ్లు మరెక్కడి నుంచో వస్తున్నాయి. నేను చూసినంతలో మూడు చోట్లు. మొదటిది కిటికీ. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, జల్లు తూర్పు, ఈశాన్యం వైపు నుంచి కొడుతుంది. ఆ వైపు కిటికీ ఉండి, దాని కింది గట్టు లోపలికి వాలి ఉంటే నీళ్లు గోడ మీదుగా నేరుగా కార్పెట్ అంచులోకి దిగుతాయి. రెండవది ఏసీ నీళ్ల గొట్టం. మూడవది పక్కనే స్నానాల గది ఉంటే ఆ గోడ. చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, గోడల పక్కన నెమ్మదిగా నడవండి. చల్లగా తగిలే చోటు పాదానికి ముందు తెలుస్తుంది. అక్కడ కార్పెట్ అంచు ఎత్తి చూస్తే వెనక నల్లటి చుక్కలు కనబడతాయి. అది బూజు. తడిసిన కార్పెట్‌ను ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరబెట్టకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. అతికించిన కార్పెట్‌ను ఆరబెట్టేదెలా?

ఈ తప్పు నేను నా ఇంట్లోనే చేశాను. 2012లో మా అమ్మాయి గదికి, కింది అంతస్తులో, ఒక లాడ్జీ పనిలో మిగిలిన కార్పెట్ తెచ్చి వేశాను. వస్తువుకు పైసా ఖర్చు లేదు, బంక మాత్రం కొన్నాను. రెండు వానాకాలాలకు గదిలో వాసన మొదలైంది. మా ఆవిడ అగరొత్తులు వెలిగించేది, నేనేమో ఫినాయిలు చల్లేవాణ్ణి. చివరికి పీకి చూస్తే గోడ పక్కన జానెడు వెడల్పున నలుపు. నేలలోంచి చెమ్మ ఎక్కుతున్న సంగతి కార్పెట్ రెండేళ్లు దాచిపెట్టింది. ఊరికే వచ్చింది కదా అని వేసినదానికి గోడ గీకించి, పూత పూయించి, రంగు వేయించి కట్టిన మూల్యం కొత్త టైల్స్‌కు సరిపోయేది. తర్వాత 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి కదా, ఆ తర్వాత కొన్ని వారాలు నాకు కార్పెట్లు పీకే పని తప్ప మరో పని లేదు. కింది అంతస్తులో అతికించే కార్పెట్ వేయమని ఎవరడిగినా అప్పటి నుంచి ఒప్పుకోవడం లేదు.

బాబు తుమ్ములకు కార్పెట్టే కారణమని నేను చెప్పలేను, అది పిల్లల డాక్టరు చూసి చెప్పాల్సిన మాట. అయితే కంటికి కనబడని దుమ్ముపురుగులు మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, గాలిలోని తేమ పీల్చి బతుకుతాయి, వాటికి కార్పెట్టూ పరుపూ మంచి కాపురం. వాటివల్ల కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు గదిలో పాత కార్పెట్ ఉందన్న మాట కూడా చెప్పండి.

ఇప్పుడు పీకడం. ఈ పని మీరూ మీవారూ కలిసి ఒక పూటలో చేసుకోవచ్చు. చేతకాదనుకుంటే ఒక మనిషిని పెట్టుకోండి, మేస్త్రీ అక్కర్లేదు. పిల్లలను ఆ రోజు అమ్మమ్మగారింటికి పంపండి. మంచం, బల్ల బయటపెట్టి, కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకోండి. మొక్కలకు కొట్టే స్ప్రే సీసాతో కార్పెట్ మీద పలుచగా నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. ఆపైన కట్టర్ బ్లేడుతో అడుగు వెడల్పు పట్టీలుగా కోయండి. బ్లేడును గట్టిగా నొక్కకూడదు, వెనక ఉన్న అట్ట తెగితే చాలు, నేల మీద గీత పడకూడదు. పట్టీ చివర పట్టుకుని నిటారుగా పైకి లాగితే చేతులు నొప్పి పుడతాయి, కార్పెట్ చిరుగుతుంది, అట్ట నేలకే ఉండిపోతుంది. దాన్ని చాప చుట్టినట్టు దాని మీదకే మడుస్తూ, నేలకు దగ్గరగా, మీవైపు లాగండి. బంక చరచరమంటూ వదులుతుంది. ఆ చప్పుడు ఒకేలా వస్తున్నంతసేపూ పని సవ్యంగా జరుగుతున్నట్టు. చప్పుడు ఆగితే అక్కడ బంక ఎక్కువ పోశారని గుర్తు, పుట్టీ బ్లేడు కిందికి తోసి లేపాలి.

నేల మీద మిగిలిన బంకలో రెండు రకాలుంటాయి. తెల్లటిదైతే వేడినీళ్లలో పిండిన పాత టవలు ఇరవై నిమిషాలు కప్పి ఉంచితే మెత్తబడి బ్లేడుకు వస్తుంది. తేనె రంగులో, సాగుతూ ఉంటే అది రబ్బరు బంక, వడ్రంగులు ఎస్ఆర్ అనేది. అది నీళ్లకు కరగదు. ముందు బ్లేడుతో గీకినంత గీకి, మిగిలినదాని మీద థిన్నరులో తడిపిన గుడ్డతో జానెడు జానెడు చొప్పున తుడిచి, రంపపు పొట్టు చల్లి చేత్తో రుద్దితే ఉండలు కట్టి ఊడుతుంది. థిన్నరు ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ ఆ గదిలోనే కాదు, పక్క గదిలోనూ దీపం, అగరొత్తి, గ్యాసు పొయ్యి ఏదీ వెలగకూడదు. పెట్రోలు, కిరోసిను వాడమని ఎవరైనా చెబితే వినకండి.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. త్వరగా పోతుందని స్నానాల గదికి వాడే యాసిడ్ పోయకండి. మన ప్రాంతపు పాత ఇళ్లలో ఉండేవి మొజాయిక్, కడప బండ, బేతంచెర్ల బండ. మొజాయిక్‌లో పాలరాతి చిప్స్ ఉంటాయి, కడప, బేతంచెర్ల బండలు సున్నపురాళ్లు. యాసిడ్ చుక్క పడగానే బుసబుస నురగ వస్తుంది. శుభ్రమవుతోందని జనం సంతోషపడతారు. నిజానికి అక్కడ రాయి కరిగిపోతోంది. మెరుపు పోయి గరుకు తేలిన చోట ఆపైన మురికి ఇంకా తొందరగా పడుతుంది. రబ్బరు బంకకైతే యాసిడ్‌తో ఏమీ కాదు, నేలకే నష్టం.

పీకిన కార్పెట్‌ను పట్టీలుగానే చుట్టి, తాడు కట్టి, చెత్త బండివాళ్లకు ముందురోజే చెప్పి ఇవ్వండి. మీరు సంక్రాంతి అన్నారు కాబట్టి చెబుతున్నాను, భోగి మంటలో వేయకండి. పాత చాపలు వేసే అలవాటు కొద్దీ ఒకాయన మా వీధిలో కార్పెట్ చుట్ట తెచ్చి మంటలో వేశాడు. నల్లటి పొగ, కరిగి కారే ప్లాస్టిక్ బొట్లు, చుట్టూ పిల్లలు. ఇప్పటి కార్పెట్లలో చాలావరకు నారంతా ప్లాస్టిక్కే.

కింద ఏం బయటపడుతుంది? అతికించిన కార్పెట్ కింద ఏదో ఒకటి దాచి ఉంటారనే నేను ముందు అనుమానిస్తాను. మీ అదృష్టం బాగుంటే మొజాయిక్ బయటపడుతుంది. అప్పుడు సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, పగుళ్లలో తెల్ల సిమెంటుకు రంగు కలిపి నింపితే చాలు. పాలిష్ మిషనువాళ్లు ఒక్క గదికి రావడానికి ఇష్టపడరు, వచ్చినా మూడు గదుల కూలి అడుగుతారు. హాలు పాలిష్ చేయించే రోజు వచ్చినప్పుడు దీన్నీ కలిపేయండి. అప్పటిదాకా మెరవకపోయినా పిల్లలకు పట్టింపు ఉండదు. కడప బండలైతే సందులు గట్టిగా నింపించండి, చీమలు, జెర్రులు రాకుండా. పగిలిన టైల్స్ కనబడితే పగిలినవే తీసి వేరేవి పెట్టించవచ్చు. రంగు కలవదు, సరే. పాపనే రంగు ఎంచుకోమనండి, అదే అలంకారమైపోతుంది. పాత నేల మీదే కొత్త టైల్స్ వేయిద్దామని మేస్త్రీ అంటే ముందు తలుపు కింది సందు కొలవండి. టైలూ దాని కింద పదార్థమూ కలిసి అర అంగుళం దాకా లేస్తుంది, తలుపు కింద కోయించాలి, గుమ్మం దగ్గర మెట్టు ఏర్పడుతుంది, మూడేళ్ల వాడు రోజూ దానికి తట్టుకుంటాడు. మీ 8,000లో అది కాదు కూడా.

ఇక గరుకు సిమెంటు నేల బయటపడితే, అప్పుడే కప్పడం గురించి ఆలోచించాలి. మన దుకాణాల్లో 'ప్లాస్టిక్ కార్పెట్' అని, 'పీవీసీ' అని అమ్మే వినైల్ చుట్టలు ఈ పనికి వస్తాయి. కొనేటప్పుడు డిజైను చూడటానికి ముందు అంచు పట్టుకుని మందం చూడండి. అర మిల్లీమీటరువి పండగ పందిరికి బాగుంటాయి, పిల్లల గదికి కాదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల పైమాట అయితే మంచిది. కోసిన ముక్క అడిగి, తాళంచెవి మొనతో మామూలుగా గీయండి. బొమ్మ చెదిరితే పైపూత లేదన్నమాట, ఏడాదిలో గుమ్మం దగ్గర తెల్లబడుతుంది. పలుచని షీటు కింద ఒక్క ఇసుక గింజ మిగిలినా పైన మొటిమలా లేచి, ఆ మొటిమ దగ్గరే ముందు చిల్లు పడుతుంది. కాబట్టి వేసేముందు రెండుసార్లు ఊడ్చి, ఒకసారి తడిగుడ్డ పెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. నేలలో తడి ఉందో లేదో తెలియాలంటే రెండడుగుల చదరపు పాలిథీన్ కవరు నేల మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో మూసి ఒక రోజంతా వదిలేయండి. కవరు లోపల నీటి చుక్కలు కనబడితే ఇంకా ఆగాలి.

కొలతల దగ్గరే డబ్బు పోయేది. మామూలుగా దొరికే చుట్ట వెడల్పు ఆరున్నర అడుగులు, అంటే రెండు మీటర్లు. చదరపు అడుగు 35 రూపాయలు అనుకుందాం, ధర మీ దుకాణాన్ని బట్టి మారుతుంది, లెక్క మాత్రం మారదు. షీటును పదకొండు అడుగుల పొడవు వెంట పరిస్తే రెండు పట్టీలు కావాలి, 143 చదరపు అడుగులు, 5,005 రూపాయలు. అదే షీటును అడ్డంగా, పదడుగుల వైపు పరిస్తే అవే రెండు పట్టీలు 130 చదరపు అడుగులకు వస్తాయి, 4,550 రూపాయలు. మీ గది 110 చదరపు అడుగులే, మిగతాది కత్తిరింపుల్లో పోతుంది. ఇక నేను చేయించేది మూడవ పద్ధతి. మీ గదిలో ఒక గోడకు మంచం, దాని పక్కన బీరువా ఉన్నాయన్నారు. వాటి కిందికి షీటు ఎందుకు? గుమ్మం వైపు నుంచి ఒకే ఒక పట్టీ, పదడుగులు బారు, ఆరున్నర వెడల్పు, 65 చదరపు అడుగులు, 2,275 రూపాయలు. మిగిలిన నాలుగున్నర అడుగులు మంచమూ బీరువా చూసుకుంటాయి. అతుకు లేదు కాబట్టి అతుకు లేవడమూ లేదు. దుకాణంవాళ్లు సగం గదికి వేస్తే బాగోదంటారు. మంచం అంచు దాకా వచ్చి ఆగే షీటు సగం అని చూసేవాళ్లకు తెలియనే తెలియదు.

ఈ షీటు తెచ్చిన రోజే కోయకండి. చుట్ట విప్పి గదిలోనే ఒక రాత్రి పరచి ఉంచితే సాగుతుంది, మడతలు పోతాయి. గోడకు ఆనించి బిగుతుగా కోస్తే ఏప్రిల్, మే ఎండలకు షీటు సాగి మధ్యలో పొంగుతుంది, అప్పుడు దాన్ని కార్పెట్ వేసినవాడి తప్పు అంటారు, నిజంగా వాడి తప్పే. గోడకు పెన్సిలు మందం సందు వదలాలి. బంక వద్దు, అంచుల వెంబడి రెండువైపులా అంటుకునే టేపు చాలు. రేపు మళ్లీ తీసేటప్పుడు నాకు దండం పెట్టుకుంటారు.

వినైల్ మీద రబ్బరు పెట్టకూడదన్న సంగతి చాలామందికి తెలియదు. మంచం కోళ్లకు నల్ల రబ్బరు బుష్షులు తొడుగుతారు, కింద రబ్బరు పూత ఉన్న పట్టాలు వేస్తారు. కొన్ని నెలలకు ఎత్తి చూస్తే షీటు మీద పసుపో గోధుమరంగో మరక. ఎంత తోమినా పోదు, ఎందుకంటే రబ్బరులోని పదార్థం షీటు లోపలికి దిగి రంగు మారుస్తుంది, పైన అంటిన మురికి కాదది. కుర్చీ, బల్ల కాళ్ల కింద ఫెల్టు ముక్కలు అతికించండి.

మెత్తదనం మాటకొస్తే, పిల్లలు నేల మీద కూర్చుని ఆడే చోటు ఎంత? నాలుగడుగులు, ఆరడుగులు. దానికి నూలు జంపఖానా చాలు. మన బజారుకు తమిళనాడు వైపు భవాని నుంచి వచ్చే చారల జంపఖానాలు గట్టివి. వరంగల్ డర్రీలకైతే 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అవి కాస్త ఖరీదు. ఏలూరు ఉన్ని తివాచీలు మన రాష్ట్రపు గొప్ప పనితనమే, కానీ మూడేళ్ల పిల్లవాడు పాలు ఒలకబోసే చోట వేసే వస్తువు కాదు. జంపఖానాలో నాకు నచ్చేది, ఒక్కరే ఎత్తి మేడ మీదికి తీసుకెళ్లి, పిట్టగోడ మీద వేసి కర్రతో రెండు దెబ్బలు కొట్టి, ఎండలో ఆరేయవచ్చు. ఉతకవచ్చు. వీలైతే రెండు చిన్నవి కొనండి, ఒకటి ఉతుకులో ఉంటే రెండవది నేల మీద.

అంతకంటే తక్కువలో కావాలంటే ఇంట్లో పాత నూలు చీరలు చూడండి. ఐదారు చీరలు పొరలుగా వేసి బొంత కుట్టిస్తే కూలి తప్ప ఖర్చు లేదు. మా ఇంట్లో మా అమ్మ కుట్టిన బొంత ఒకటుంది. బొటనవేలి వెడల్పుకో వరుస చొప్పున చుట్టూ కుట్టు తిప్పుకుంటూ వచ్చి, చివరి వరుస సరిగ్గా మధ్యలో ముగించింది. ఆ కుట్టు బిగువు వల్లే అన్నేళ్లయినా లోపలి పొరలు ఉండకట్టలేదు. మనవరాలు హోంవర్కు దాని మీదే చేస్తుంది, ఒక పొరలో పై చీర చిరిగి లోపలి ఎరుపు కనబడితే ఆ చీర ఎవరిదని అడుగుతుంది.

అయితే నున్నటి మొజాయిక్ మీద బొంతైనా జంపఖానా అయినా జారుతుంది. పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి దాని మీదికి దూకుతారు, అది బండిలా వెళ్లి గోడకు కొడుతుంది. కింద జారకుండా ఉండే వల వేయాలి, అన్ని పరుపుల దుకాణాల్లోనూ దొరుకుతుంది. దాన్ని మొజాయిక్, టైల్స్ మీద వేయండి, వినైల్ మీద మాత్రం వద్దు, పైన చెప్పిన మరక గొడవ దానితోనూ ఉండవచ్చు. వినైల్ మీదైతే జంపఖానా ఒక అంచును మంచం కోళ్ల కింద ఇరికిస్తే సరిపోతుంది.

రంగురంగుల ఫోమ్ పలకలు, ఒకదానికొకటి గుచ్చుకునేవి, కొందామా అని మీరు అడిగారు. పడితే దెబ్బ తగలదు, అది నిజం. కానీ మీ బాబు వయసు పిల్లలు ఆ పలకల పళ్లు కొరికి ముక్కలు చేస్తారు. కొన్నింటిలో ఫార్మమైడ్ అనే రసాయనం ఉందని 2010 చివర్లో బెల్జియం వాటి అమ్మకాలు ఆపేసింది. ఘాటు వాసన వచ్చేవి కొనకండి, కొన్నవాటిని కూడా కొన్ని రోజులు నీడలో గాలికి పెట్టండి, ఎండలో పెడితే కుదించుకుపోయి ఒకదానికొకటి అతకవు. వారానికోసారి ఎత్తి కింద తుడవాలి, లేకపోతే తడి అక్కడే నిలుస్తుంది. ఇంత చాకిరీ చేసే ఓపిక ఉంటే జంపఖానా ఉతుక్కోవడమే మేలు.

ఇంత చెప్పినా పాప కార్పెట్టే కావాలంటే, చుట్ట కార్పెట్ వద్దు, యాభై సెంటీమీటర్ల చదరపు కార్పెట్ పలకలు చూడండి. అరిగిన చోట ఒక్క పలక తీసి, మంచం కింది పలకతో మార్చుకోవచ్చు. మొత్తం గదికి లెక్క ప్రకారం 41, కోతలకు మరో ఐదు కావాలి. మొత్తం ఎందుకు, ఆడుకునే చోటికి పన్నెండు చాలు, అంటే దాదాపు ఐదడుగులకు ఆరున్నర అడుగులు. ఆఫీసుల్లో పీకేసిన పాత పలకలు చవకగా దొరుకుతాయి. పిల్లల గదికి అవి మాత్రం తేకండి, ఎవరి బూట్ల దుమ్మో మీ ఇంటికి తెచ్చుకున్నట్టు.

మీ డబ్బును నేనైతే ఇలా విడదీస్తాను. పీకడానికి, నేల బాగుకు 2,500 పక్కన పెట్టండి. కింద మొజాయిక్ వస్తే అందులో సగం మిగులుతుంది. వినైల్ పట్టీ అవసరమైతే 2,500. జంపఖానా, వల, గుమ్మం బయటి పట్టా, ఫెల్టు ముక్కలకు 1,500. కార్పెట్ మందం పోయాక తలుపు కింద సందు పెరుగుతుంది, అందులోంచి బల్లులు దూరతాయి, ఏసీ చల్లదనం పోతుంది, తలుపు అడుగున బిగించే రబ్బరు పట్టీ కొనడం మరిచిపోకండి. మిగిలిన 1,500 ముట్టుకోకండి. కిటికీ గట్టు వాలు మార్చడానికో, ఏసీ గొట్టం సరిచేయించడానికో అది కావాల్సి వస్తుందని నా అనుమానం.

సంక్రాంతికి ఇంకా సమయం ఉంది, కాబట్టి ఈ ఆదివారం ఒక్క పని చేయండి. తలుపు వెనక మూల, ఎవరికీ కనబడని చోట, కార్పెట్‌ను అరచేయంత కోసి ఎత్తి చూడండి. తర్వాత కిటికీ కింద కూడా అంతే. రెండు చోట్లా నేల ఏమిటో, వెనక నలుపు ఉందో లేదో, బంక తెల్లగా ఉందో తేనె రంగులో ఉందో రాయండి. కిటికీ కింద తడి తగిలితే ముందు అది ఆపాలి, అప్పటిదాకా దుకాణంవాళ్లకు అడ్వాన్సు ఇవ్వకండి.